అప్‌డేట్: పురుగు లోపల దొరికిన పురుగు ఏ కుటుంబమో తేలింది

నెల్లూరు తీరంలో తీసిన డయోపాట్రా అనే సముద్రపు పురుగును కోస్తే, దాని శరీరకుహరంలో ఇంకో సన్నని పురుగు కనిపించిందని, అది ఏ కుటుంబమో చెప్పమని అడిగాను కదా. ఓనోనిడే అని తేలింది.

‘ముందు దవడలు చూడండి’ అన్న సలహా బాగా పనికొచ్చింది, చాలా థ్యాంక్స్. ఇక్కడ కడపలో మా కాలేజీ ల్యాబ్‌లోనే తల భాగాన్ని గ్లిజరిన్‌లో ఉంచి, కవర్‌స్లిప్‌ను మెల్లగా నొక్కాను. నల్లటి చిన్న దవడ ముక్కలు, వాటి వెనక దారాల్లాంటి పొడవాటి కాడలు కనిపించాయి. అప్పటికీ టెన్షన్‌గానే ఉండింది, ఎందుకంటే లంబ్రినెరిడే అనే ఇంకో కుటుంబం పురుగులు కూడా పైకి అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ వాటి శూకాల్లో (ఒంటి పక్కల ఉండే గట్టి వెంట్రుకల్లో) తొడుగున్న కొక్కేలు ఉంటాయి. దీనికి తోక దాకా ఒక్కటీ లేదు.

ప్రజాతి (కుటుంబం కన్నా చిన్న వర్గం) పేరు మాత్రం ఇప్పుడే పెట్టను. పరాన్నజీవులుగా బతికే ఓనోనిడ్లలో దవడలు బాగా చిన్నవైపోతాయి. పైగా కొన్ని జాతులు పిల్ల దశలోనే ఇంకో పురుగులో ఉండి, ఎదిగాక బయటికొచ్చేస్తాయి. పిల్ల దవడలను చూసి పేరు పెట్టడం నాకు సరిగా అనిపించడం లేదు.

మిజోస్టోమిడా ఏమో అన్నవాళ్లకు: కాదండీ. అవి ఎక్కువగా సముద్ర లిల్లీల (పువ్వుల్లా కనిపించే సముద్ర జంతువుల) మీద ఉండే, బిళ్లలాంటి శరీరం, ఐదు జతల పార్శ్వపాదాలు (పక్కల ఉండే కాళ్లలాంటి భాగాలు) ఉన్న పురుగులు.

తోక వైపు ముక్కను డీఎన్‌ఏ కోసం ఫార్మలిన్‌లో వేయకుండా ఇథనాల్‌లో దాచాను.