సీటీ స్కోరు 25కి 13 అంటే ఊపిరితిత్తులు సగం దెబ్బతిన్నట్లేనా?

ప్రశ్న:
2021 మే నెలలో కోవిడ్ రెండో దశ ఉద్ధృతంగా ఉన్నప్పుడు మా నాన్నగారికి తీయించిన హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపే సీటీ స్కాన్) రిపోర్టు ఈమధ్య పాత కాగితాల్లో దొరికింది. జ్వరం మొదలైన తొమ్మిదో రోజున తీసిన ఆ స్కాన్‌లో స్కోరు 25కి 13 అని రాశారు. కుడి ఊపిరితిత్తి పై తమ్మెకు (లోబ్, అంటే ఊపిరితిత్తిలో ఒక భాగం) 2, మధ్య తమ్మెకు 1, కింది తమ్మెకు 4, ఎడమవైపు పై తమ్మెకు 2, కింది తమ్మెకు 4 వేశారు. అయినా ఆయనకు రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గలేదు, ఇంట్లోనే కోలుకున్నారు. మా బావగారికి రెండో రోజునే స్కాన్ తీయిస్తే స్కోరు 4 మాత్రమే వచ్చింది గానీ, వారం తిరగకుండానే ఆయనను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఇలా ఎందుకు జరిగింది? నాన్నగారికి ఇప్పుడు మళ్లీ స్కాన్ తీయించాలా?

జవాబు 1 (రేడియాలజిస్టు):
ముందు 13ను శాతంగా మార్చడం మానాలండీ. ఒక్కో తమ్మెలో 5 శాతంలోపు భాగం దెబ్బతింటే 1, పాతిక శాతం వరకు 2, సగం లోపు 3, ముప్పావు వంతు వరకు 4, అంతకు మించితే 5 వేస్తాం. మీ నాన్నగారి అంకెలనే తీసుకుని, అయిదు తమ్మెలూ ఒకే పరిమాణంలో ఉన్నాయనుకుని లెక్క వేస్తే, దెబ్బతిన్న భాగం సుమారు 22 నుంచి 41 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 25కి 13 చూసి అందరూ అనుకునే 52 శాతానికి అది చేరదు. పైగా అన్నిటికంటే చిన్నదైన మధ్య తమ్మెకూ, పెద్దవైన కింది తమ్మెలకూ ఈ పద్ధతిలో సమానమైన బరువే ఉంటుంది. కంటితో చూసి వేసే అంచనా కాబట్టి ఇద్దరు రేడియాలజిస్టుల మధ్య ఒకటి రెండు అంకెల తేడా రావడంలో వింత లేదు. ఎంత మేర వ్యాపించిందన్నదే తప్ప, లోపల ఏముందన్నది స్కోరు చెప్పదు. వెనక రక్తనాళాలు ఇంకా కనిపించేంత పలుచని గరుకు గాజు వంటి మసక అయినా, నాళాలను కూడా కప్పేసే గట్టిపడిన తెల్లని ముద్ద అయినా, అదే విస్తీర్ణానికి అదే అంకె పడుతుంది. అందుకే రిపోర్టులో అంకె కంటే పైనున్న వర్ణన చదవాలి. దురదృష్టవశాత్తు ఆ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగింది అంకె ఒక్కటే.

జవాబు 2 (ఛాతీ వైద్యుడు):
మీ బావగారి విషయంలో అసలు కారణం తేదీ. కోవిడ్‌లో సీటీ మార్పులు సాధారణంగా రెండో వారం మొదట్లో పతాక స్థాయికి చేరతాయి. 2020లో చైనా రోగులపై జరిగిన ఒక పరిశీలనలో, లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు స్కాన్ తీసిన 36 మందిలో 20 మందికి ఊపిరితిత్తులు మామూలుగానే కనిపించాయి. కాబట్టి రెండో రోజు 4 వస్తే అది ధీమా ఇవ్వదు, తొమ్మిదో రోజు 13 వచ్చి మనిషి తేలికగా ఊపిరి తీసుకుంటుంటే భయపడనూ అక్కరలేదు. 2021 ఏప్రిల్‌లో ఎయిమ్స్, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చిన మార్గదర్శకాల్లో తీవ్రతను నిర్ణయించింది స్కోరు కాదు: విడిగా ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి పీలుస్తున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 90 నుంచి 93 శాతం ఉన్నా, నిమిషానికి శ్వాసలు 24 లేదా అంతకు మించినా మధ్యస్థం, 90 కంటే తగ్గినా, శ్వాసలు 30 దాటినా తీవ్రం. స్కాన్‌ను పరిస్థితి దిగజారినప్పుడే తీయమన్నారు. ఆ మే నెలలో ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలకు సమానమన్నప్పుడు రేడియాలజిస్టుల సంఘం అభ్యంతరం చెప్పింది. నేటి యంత్రాల్లో మోతాదు చాలా తక్కువన్న వారి మాటలో నిజముంది గానీ, అవసరం లేని స్కాన్‌కు అది సమర్థన కాదని నా అభిప్రాయం.

సీటీ నిజంగా అక్కరకు వచ్చే సందర్భం వేరే ఉంది. కుదుటపడుతున్న రోగికి హఠాత్తుగా ఆక్సిజన్ పడిపోతే, ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ కట్టిందేమో చూడాలి. మామూలు హెచ్‌ఆర్‌సీటీలో అది దొరకదు, నరంలోకి కాంట్రాస్ట్ మందు (నాళాలు స్పష్టంగా కనిపించేలా చేసేది) ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్ కావాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నాన్నగారు రోజూ పొద్దున్నే నడుస్తారు, మేడ మెట్లు ఎక్కినా ఆయాసం లేదు, దగ్గు లేదు.

జవాబు 2 (ఛాతీ వైద్యుడు):
అయితే స్కాన్ అవసరం లేదు. మనసు ఒప్పకపోతే దగ్గరలోని ఛాతీ వైద్యుని వద్ద ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించి, ముందూ వెనకా ఆక్సిజన్ చూడండి. అది తగ్గితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో కొలిచే డీఎల్‌సీవో పరీక్ష చేస్తారు, సీటీ గురించి ఆ తరువాత ఆలోచించవచ్చు. పాత రిపోర్టునూ, సీడీనీ మాత్రం పారేయకండి. ఎప్పుడైనా కొత్త స్కాన్ తీయవలసి వస్తే పోల్చి చూడడానికి అవే ఆధారం.