బెంగళూరులో దిగి రోజూ కొండలకు పోయి రావడమా, కొండల దగ్గరే దిగడమా?

హన్మకొండ_నాన్న:
దసరా సెలవుల్లో ఐదు రోజులు బెంగళూరు వైపు పోదామని ప్లాన్. అమ్మానాన్న, నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప. సొంత కారు. మాల్స్ తిరిగే బ్యాచ్ కాదు మాది, చెట్లూ కొండలూ ఉంటే చాలు. నంది కొండ, లేపాక్షి, సావనదుర్గ, శివగంగ, ఒక రోజు లాల్‌బాగ్, కబ్బన్ పార్కు అని రాసుకున్నాం. మా బామ్మర్ది బెల్లందూరులో ఉంటాడు. "బావా, ఇంట్లోనే దిగండి, పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు, రూములకు డబ్బులు దండగ" అంటాడు. మా ఆఫీసులో ఒకాయనేమో "బెంగళూరులో దిగితే కొండలేం చూస్తారు, ముందు బండి బ్రేక్ లైట్లు చూస్తారు" అని భయపెట్టాడు. ఎవరి మాట వినాలి?

ఘాట్‌రోడ్డు:
మీ ఆఫీసాయన మాటే. ఒక్కసారి మ్యాప్ తీయండి. మీరు వచ్చేది 44వ నంబరు హైవే మీద. కర్నూలు, అనంతపురం, పెనుకొండ దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడికి తిరిగితే లేపాక్షి, మళ్లీ హైవే ఎక్కితే బాగేపల్లి, చిక్కబళ్లాపురం, ఆ పక్కనే నంది. ఇవన్నీ అయ్యాక దేవనహళ్లి ఎయిర్‌పోర్టు, అదీ దాటాక బెంగళూరు. దారిలో కనబడిన కొండకు టాటా చెప్పి ఊళ్లోకి పోయి, ఊరు మొత్తం దాటి బెల్లందూరులో పడుకుని, మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి ముసలివాళ్లను లేపి మళ్లీ డెబ్బై కిలోమీటర్లు వెనక్కి తీసుకురావడం ఏం తెలివండీ? చిక్కబళ్లాపురంలో రెండు రాత్రులు దిగండి.

జయనగరం_జాజి:
ఘాట్‌రోడ్డు గారూ, మీరు ఉత్తరం వైపు కొండలే లెక్కేశారు. ఆయన లిస్టులో శివగంగ వాయవ్యం, సావనదుర్గ పడమర మాగడి దగ్గర. నైరుతిలో రామనగర, దక్షిణాన బన్నేరుఘట్ట. అన్నీ ఊరి చుట్టూ యాభై అరవై కిలోమీటర్లలో ఉన్నవే, నడిమధ్యన ఊరు. బేస్ అంటే ఇంతకన్నా ఏం కావాలి? రోజుకో ఊరు మారుస్తూ ఇద్దరు పెద్దవాళ్ల మందులు, వేడినీళ్ల ఫ్లాస్కు, పాప బట్టలు సర్దడం ఎవరి పని? మగవాళ్లకు మ్యాప్ కనబడుతుంది, బ్యాగులు కనబడవు.

ఇంకోటి, ఎవరూ అడగలేదు గానీ చెబుతున్నా. కొండలు తిరిగే ట్రిప్ కదా అని లాల్‌బాగ్‌ను లెక్కలో కలపడానికన్నట్టు చూడకండి. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. లోపలున్న బండ మామూలు బండ కాదు, మూడు వందల కోట్ల సంవత్సరాల నాటిదని భూగర్భ శాఖ వాళ్లు బోర్డు పెట్టారు. మీ పాప దాని మీద పరుగెత్తితే సావనదుర్గ ఎక్కినంత సంబరపడుతుంది, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు కింద చెట్ల నీడన కూచోవచ్చు. మెట్రో ఆకుపచ్చ లైన్లో లాల్‌బాగ్ అనే స్టేషనే ఉంది, కారు తీయక్కర్లేదు. పూల ప్రదర్శన మాత్రం జనవరిలో, ఆగస్టులో. దసరాకు దొరకదు.

సిల్క్‌బోర్డు_బాధితుడు:
పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నా. జాజి అక్కా, నడిమధ్యన ఊరుంది నిజమే, ఆ ఊళ్లోంచి బయటపడేదెట్లా? పోయినేడు ఒక ఆదివారం సావనదుర్గకు పోయాం. పోవడానికి గంటన్నర, అదీ అయిదింటికల్లా బయల్దేరాం కాబట్టి. తిరుగు ప్రయాణంలో మాగడి రోడ్డు మీదే చీకటి పడింది. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, వెనక సీట్లో పిల్లలు వాంతులు. కొండ మీద ఉన్నది రెండు గంటలు, కారులో ఆరు గంటలు.

బెల్లందూరు అంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఉద్యాన నగరి అనే పేరు లాల్‌బాగ్, కబ్బన్ పార్కు చుట్టుపక్కల మనుషులది. మాకు దొరికింది నురగలు తేలే బెల్లందూరు చెరువు. 2018 జనవరిలో ఆ చెరువులోంచి పొగలు, మంటలు లేస్తుంటే బాల్కనీలోంచి చూశాం.

మదనపల్లె_టమాటా:
అందరూ కర్ణాటక కొండల గురించే కొట్టుకుంటున్నారు. హార్స్‌లీ కొండ గుర్తులేదా ఎవరికీ? చిక్కబళ్లాపురం నుంచి చింతామణి మీదుగా మా మదనపల్లె వైపు వస్తే చాలు, నాలుగు వేల అడుగుల పైన, కారు పైదాకా పోతుంది, నందికున్న రద్దీలో పావలా వంతు ఉండదు. కడప కలెక్టరుగా పనిచేసిన దొర పేరు పెట్టారు గానీ మాకు అది ఏనుగు మల్లమ్మ కొండే.

ఘాట్‌రోడ్డు:
టమాటా తమ్ముడూ, నువ్వు ఏ చర్చలోనైనా చివరికి మదనపల్లెకే తీసుకుపోతావు. కానీ ఈసారి తప్పు లేదు.

జాజి గారికి: ఆ పార్కు ఎవరి పేరు మీద ఉందో ఆ కబ్బన్ దొరకే నంది మీద బంగళా ఉండేది. ఆయన కూడా రోజూ పోయి రాలేదు :)

బ్యాగుల మాట మాత్రం ఒప్పుకుంటున్నా. మా ఇంట్లోనూ అదే గొడవ. అందుకే రోజుకో ఊరు అనలేదు, ఒకే చోట రెండు రాత్రులు అన్నాను.

జయనగరం_జాజి:
దొరకు గుర్రాలు, నౌకర్లు ఉన్నారు లెండి.

ట్రాఫిక్ సంగతి కాదనను, కానీ దసరాకు లెక్క మారుతుంది. వరస సెలవులొస్తే సగం ఊరు సొంతూళ్లకో మైసూరుకో పోతుంది. జామ్ అయ్యేవి మొదటి రోజు బయటికి పోయే రోడ్లు, చివరి రోజు లోపలికొచ్చే రోడ్లు. మధ్యలో రెండు మూడు రోజులు జయనగరం వీధులు మా చిన్నప్పటిలా ఉంటాయి. మైసూరు వైపు మాత్రం అసలు పోవద్దు. నంది కూడా శని, ఆదివారాలు వద్దు, సూర్యోదయానికి గేటు ముందు బళ్లు బారులు తీరి ఉంటాయి.

సిల్క్‌బోర్డు_బాధితుడు:
ఇది కరెక్టే. ఉగాదికి, దసరాకు ఊరు ఖాళీ. ఆ ఒక్క పాయింట్ అక్కకు ఇచ్చేస్తున్నా.

అన్నా, సావనదుర్గ మాత్రం కొట్టేయండి. మెట్లుండవు, మొత్తం నున్నటి ఏకశిల. అక్టోబరులో ఒక్క వాన పడితే బూట్లు నిలవవు, పాపతో అసలే వద్దు. శివగంగలో మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి గానీ పైన బాగా నిటారు, మీ అమ్మగారు కింది గుడి దగ్గరే ఆగిపోవాలి. అక్కడ అభిషేకం చేసిన నెయ్యి వెన్నగా మారుతుందంటారు, ఆవిడకు అది చూపిస్తే మీ మీద కోపం రాదు. చిక్కబళ్లాపురం దగ్గరి స్కందగిరి కొండ ఎక్కమని ఎవరైనా చెబితే అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్ ముందే చూసుకోండి, లేకపోతే కింది నుంచే పంపించేస్తారు.

హన్మకొండ_నాన్న:
అందరికీ థ్యాంక్స్. రాత్రి ఇంట్లో కూచుని మార్చాం. మొదటి రోజు ప్రయాణమే, పెనుకొండలోనో హిందూపురంలోనో రాత్రి ఆగుతాం. రెండో రోజు లేపాక్షి చూసుకుని చిక్కబళ్లాపురం. మూడో రోజు, అది బుధవారం పడుతుంది, నంది, కొండ కింద భోగనందీశ్వర గుడి, సాయంత్రానికి బెంగళూరు. నాలుగో రోజు మెట్రోలో లాల్‌బాగ్, కబ్బన్ పార్కు. సావనదుర్గ కొట్టేశాం. శివగంగ కూడా పోయినట్టే, వెన్న సంగతి వినగానే మా అమ్మ మాత్రం ఇంకా వదలట్లేదు. హార్స్‌లీ కొండకు ఈసారి టైం లేదు, టమాటా తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

బామ్మర్దికి భయం భయంగా ఫోన్ చేశా, ఇంట్లో ఒకటే రాత్రి ఉంటామని. అలుగుతాడనుకున్నా. "బావా, ఆరేళ్లయింది ఇక్కడికొచ్చి, నేనూ నంది చూడలేదు, చిక్కబళ్లాపురంలో నాక్కూడా ఒక రూము తీయి" అన్నాడు.

సిల్క్‌బోర్డు_బాధితుడు:
బెల్లందూరు నుంచి ఎన్నింటికి బయల్దేరుతున్నాడో కనుక్కోండి. ఆరు దాటితే మీరు లేపాక్షి చూసి వచ్చేదాకా ఊరు దాటే చోట హెబ్బాళ్ ట్రాఫిక్‌లోనే ఉంటాడు.