తిట్టుని పోస్టర్ మీద వేసుకుంటే నిందాస్తుతి అవుతుందా?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, సాయం కావాలి. సంగీత కళాకారులు తమ మీద వచ్చిన చెడ్డ రివ్యూలనే ప్రచారానికి ఎలా వాడుకుంటారో ఒక మాసపత్రికకి వ్యాసం రాస్తున్నాను. కొందరు రివ్యూలో పనికొచ్చే ముక్క మాత్రం తుంచుకుంటారు. ఇంకొందరు తిట్టుని తిట్టుగానే పోస్టర్ మీద దర్జాగా అచ్చేసుకుంటారు. రెంటికీ కలిపి ‘నిందాస్తుతి’ అని రాసేశాను. మా ఆవిడ చదివి, “అది దేవుణ్ణి తిట్టడం కదండీ, వీళ్లకెందుకు?” అంది. మీరేమంటారు?

పాత తెలుగు మాస్టారు:
మీ ఇంట్లోవారు సరిగ్గా పట్టుకున్నారు బాబూ. నిందాస్తుతిలో తిట్టేవాడి కడుపులోనే పొగడ్త ఉంటుంది. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న “ఎవడబ్బ సొమ్మని” అని రాముణ్ణి నిలదీశాడు, అదే కీర్తనలో “అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు” అని బతిమాలుకున్నాడు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం పొడుగునా శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి దెప్పుతూనే కొలిచాడు. (ఇది కృష్ణా జిల్లా శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలో వెతక్కండి.)

అలంకారశాస్త్రంలో దీన్ని వ్యాజస్తుతి అంటారు. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో ఇచ్చిన ఉదాహరణ తెలిసిందే. “గంగా, నీకేం వివేకముందమ్మా? పాపాత్ముల్ని స్వర్గానికి తీసుకుపోతావు!” పైకి తిట్టు, లోపల దండం.

మీరు చెప్పే విమర్శకుడి కడుపులో దండం లేదు. కచేరీ నచ్చలేదు, నచ్చలేదనే రాశాడు. దాన్ని పొగడ్తగా మార్చుకున్నవాడు తిట్లు తిన్నవాడు. కర్తే మారిపోయాక అది నిందాస్తుతి ఎలా అవుతుంది?

గోదారి గట్టు:
అయ్యో, వ్యాసం పేరే అది పెట్టాను మాస్టారూ. మరి ఏ మాట వాడమంటారు?

డెస్క్ మీద:
ముందు రెండు రకాల్నీ విడదీయండి. నేను పత్రికలో డెస్క్ పని చేస్తాను, కచేరీ రివ్యూలు నా చేతి మీదుగానే వెళ్తాయి. మొదటి రకం, అంటే ముక్క తుంచడం, మన భాషలో ఎలా జరుగుతుందో చెప్తాను.

తెలుగులో కాదు, లేదు, చెప్పలేం అన్నీ వాక్యం చివర్లో వస్తాయి. కాబట్టి తోక కోస్తే చాలు, అర్థం తిరగబడుతుంది. “తానం గొప్పగా పాడారని చెప్పలేం” అని రాశామనుకోండి. “చెప్పలేం” తీసేస్తే పనైపోయినట్టే. కాకపోతే సంధి అడ్డొస్తుంది. ‘పాడారు’కి ‘అని’ అతుక్కుని ‘పాడారని’ అయింది కదా, అక్కడ కోసి చుక్కలు పెడితే ఆ ‘ని’ వేలాడుతూ గుట్టు బయటపెట్టేస్తుంది. అందుకని సంధి విడదీసి మరీ “తానం గొప్పగా పాడారు” అని వేస్తారు. చుక్కలు కూడా ఉండవు.

అసలు పనితనం ఇంకోచోట ఉంది. మా పేజీలో ఒకసారి “మొదటి అరగంట అద్భుతంగా సాగిన కచేరీ తని ఆవర్తనం దాకా వచ్చేసరికి చప్పబడింది” అని వచ్చింది. (తని ఆవర్తనం అంటే మృదంగం లాంటి తాళవాద్యాలకి విడిగా ఇచ్చే వంతు.) తర్వాతి సీజన్‌లో ఆ బృందం బ్రోషర్ మీద మా పత్రిక పేరుతో సహా “అద్భుతంగా సాగిన కచేరీ” అని ఉంది. ఒక్క అక్షరం మార్చలేదు! ‘సాగిన’ ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం. ముందూ వెనకా తీసేసినా నిటారుగా నిలబడుతుంది. ఫోన్ చేసి అడిగితే “మీరు రాసిందేగా మేడమ్” అన్నారు. ఏం జవాబు చెప్తాం?

గోదారి గట్టు:
ఇది అచ్చంగా “అశ్వత్థామ హతః... కుంజరః” కదా!

పాత తెలుగు మాస్టారు:
అవును. ఆ రకానికి అంతకన్నా మంచి పలుకుబడి లేదు. శంఖాలు ఊదారు, భేరీలు మోగించారు అని కథల్లో చెప్పుకుంటాం గానీ, ద్రోణపర్వం మూలంలో మాట “అవ్యక్తమబ్రవీత్”. ధర్మరాజే ‘కుంజరః’ అన్న ముక్కని వినీ వినపడకుండా గొణిగాడు. దాంతో అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల పైన నడిచే ఆయన రథం కిందికి దిగిపోయింది. మీ బ్రోషర్ వాళ్లు గొణగనైనా గొణగలేదు.

డాలస్ శ్రోత:
మాస్టారూ, నమస్కారం. ‘కుంజరః’ అంటే గుర్తొచ్చింది. న్యూయార్క్‌లో డేవిడ్ మెరిక్ అని నాటక నిర్మాత ఉండేవాడు. 1961 డిసెంబర్ చివర్లో ఆయన మ్యూజికల్ ఒకటి మొదలైంది, రివ్యూలు అంతంతమాత్రం. ఆయనేం చేశాడంటే, టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి ఊళ్లోని ఏడుగురు పేరున్న నాటక విమర్శకులవే పేర్లున్న ఏడుగురు మామూలు మనుషుల్ని పట్టుకున్నాడు. వాళ్లకి నాటకం చూపించి, వాళ్ల పేర్లతో పొగడ్తలు వేసి, ఫొటోలతో సహా పత్రికకి ప్రకటన పంపాడు. 1962 జనవరిలో హెరాల్డ్ ట్రిబ్యూన్ ఒక ఎడిషన్‌లో అది అచ్చయింది, ఆ తర్వాత కనిపెట్టి తీసేశారు. ఈ ఆలోచన ఆయనకి చాలా ఏళ్లుగా ఉంది. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బ్రూక్స్ అట్కిన్సన్ పేరున్న మనిషి ఇంకొకడు ఊళ్లో దొరక్క, ఆయన రిటైరయ్యేదాకా ఆగాడు.

పాత తెలుగు మాస్టారు:
ఆహా! భీముడు చేసిందీ అదేగా బాబూ. అశ్వత్థామ పేరున్న ఏనుగు కోసం వెతికి, తమ సేనలోనే మాళవ రాజు ఇంద్రవర్మ ఏనుగు దొరికితే దాన్ని చంపి, అప్పుడు అరిచాడు. పేరు నిజం, మాట నిజం, మనిషే వేరు. మీ నిర్మాత ఏనుగుని చంపలేదు, టికెట్ ఇచ్చి కూర్చోబెట్టాడు.

గోదారి గట్టు:
మొదటి రకం తేలింది. రెండోదానికి “కిందపడ్డా పైచేయి నాదే” సరిపోదా?

డెస్క్ మీద:
సరిపోదు. ఆ సామెతలో వాడు పడ్డానని ఒప్పుకోడు. “మీసానికి మన్ను అంటలేదు” అనేవాడూ అంతే. మీరు చెప్పే రెండో రకం వాడు పడ్డానని ఒప్పుకుంటాడు, మన్నంటిన మీసాన్నే ఫొటో తీయించుకుంటాడు.

పాత తెలుగు మాస్టారు:
డెస్క్ అమ్మాయి చెప్పింది నిజం. దీనికి శాస్త్రంలో ఒక పేరుంది, ఎవరూ వాడరు గానీ. అనుజ్ఞాలంకారం. “దోషస్యాభ్యర్థనానుజ్ఞా తత్రైవ గుణదర్శనాత్.” దోషంలోనే గుణం కనిపించి ఆ దోషాన్నే కోరి తెచ్చుకోవడం. ఉదాహరణ, “మాకు ఎప్పుడూ ఆపదలే రానీ, అప్పుడే కదా హరిని తలుచుకుంటాం” అనడం. భాగవతంలో కుంతి కృష్ణుణ్ణి అడిగిన వరం ఇదే. దీని పక్కనే లేశం అని ఇంకొకటి ఉంది, దోషాన్ని గుణంగానో గుణాన్ని దోషంగానో కల్పించి చెప్పడం. “చిలకా, మిగతా పక్షులన్నీ ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంటే నీకు పంజరం వచ్చింది, తీపి పలుకుల ఫలం” అన్నది దాని ఉదాహరణ. ‘నన్ను తిట్టారహో’ అని చాటుకునే గాయకుడికి అనుజ్ఞే దగ్గర.

డాలస్ శ్రోత:
మాస్టారూ, దీనికి నా దగ్గర ఉదాహరణ సిద్ధంగా ఉంది. జర్మనీ రాక్ బృందాల్ని బ్రిటన్ పత్రికలు ‘క్రౌట్‌రాక్’ అని వెక్కిరించేవి. క్రౌట్ అంటే పులియబెట్టిన క్యాబేజీ, యుద్ధకాలంలో జర్మన్లని ఎగతాళి చేసే మాట. ఫౌస్ట్ అనే బృందం 1973లో తన ఆల్బమ్‌ని దాదాపు 12 నిమిషాల వాద్యరచనతో మొదలుపెట్టి, దానికి ‘క్రౌట్‌రాక్’ అనే పేరు పెట్టింది. ఇవాళ అది ఒక శైలి పేరు, రికార్డు షాపుల్లో ఆ మాటతోనే అర ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్తే ‘బరోక్’ కూడా తిట్టే. 1733లో ఫ్రెంచి స్వరకర్త రామో మొదటి ఒపెరా వచ్చినప్పుడు, మరుసటి ఏడాది ఒక పత్రికలో ఎవరో పేరు చెప్పకుండా ఆ మాటతో ఎద్దేవా చేశారు. వంకరటింకర ముత్యం అనే అర్థం నుంచి వచ్చిన మాటంటారు. ఇప్పుడు ఒక యుగానికే అది పేరు.

గోదారి గట్టు:
బరోక్ నా వ్యాసంలో పట్టదేమో, రామో దాన్ని పోస్టర్ మీద వేసుకోలేదు కదా.

డాలస్ శ్రోత:
నిజమే, అది కాలం చేసిన పని.

డెస్క్ మీద:
అనుజ్ఞ బావుంది మాస్టారూ, కానీ నాదొక అభ్యంతరం. కుంతి ఆపదలన్నీ కావాలంది, ఏరుకోలేదు. వీళ్లు ఏరుకుంటారు! ముక్క తుంచేవాడిది మోసం, తిట్టుని పూర్తిగా వేసుకునేవాడిది నిజాయితీ అనుకుంటాం గానీ, రెండోవాడూ ఏరుతున్నాడు. వాడు ఏరేది మాటల్ని కాదు, తిట్లని.

పోస్టర్ల మీదికి ఏ తిట్లు ఎక్కుతాయో చూడండి. “చెవులు పగిలిపోయాయి”, “ఇది సంగీతమే కాదు”, “పిల్లల్ని చెడగొడుతున్నారు”, “సంప్రదాయాన్ని మంట కలిపారు”. ఎక్కనివి ఏవి? “శ్రుతి తప్పింది”, “లయ నిలవలేదు”, “పోయినేడాది పాడిందే మళ్లీ పాడారు”, “నిద్రొచ్చింది”. “నిద్రొచ్చింది - ఫలానా పత్రిక” అని పోస్టర్ వేసుకున్న విద్వాంసుణ్ణి నాకు చూపించండి, వ్యాసం మొత్తం నేనే ప్రూఫ్ దిద్దిపెడతా.

1964లో రోలింగ్ స్టోన్స్ గురించి లండన్ మ్యూజిక్ పత్రిక మెలడీ మేకర్‌లో “మీ చెల్లెల్ని ఓ రోలింగ్ స్టోన్‌తో పంపిస్తారా?” అనే శీర్షిక వచ్చింది. వాళ్ల మేనేజర్ ఆండ్రూ ఓల్డమ్‌కి కావలసింది అలాంటి మాటే. బీటిల్స్ బుద్ధిమంతులు, మావాళ్లు పోకిరీలు అనేది ఆయన వ్యాపార సూత్రం. ఆ తిట్టు తగిలేది తల్లిదండ్రులకి, టికెట్ కొనేది పిల్లలు. తిట్టేవాడి అభిరుచికీ మన శ్రోత అభిరుచికీ పడదని ముందే తెలిసినప్పుడు, వాడి తిట్టు మనకి సిఫార్సు ఉత్తరం. “శ్రుతి తప్పింది” అనే మాటకి ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే అది ఏ శ్రోతకైనా తప్పే.

డాలస్ శ్రోత:
మేడమ్ చెప్పినదానికి లిబరాచీ సాక్ష్యం. అమెరికన్ పియానిస్టు, మెరుపుల కోట్లు, పియానో మీద వెలిగే కొవ్వొత్తుల స్టాండు. 1950లలో విమర్శకులు ఆయన వాయింపుని చీల్చి చెండాడేవాళ్లు. వాళ్లకి ఆయన జవాబు, “మీ రివ్యూ చదివి ఏడ్చుకుంటూ బ్యాంకు దాకా వెళ్లాను” అని. డబ్బు వేసుకోవడానికన్నమాట. ఆ జోకు జీవితాంతం స్టేజి మీద వాడుకున్నాడు. “వాయించడం రాదు” అన్న తిట్టుని కూడా నవ్వుతూ మింగాడు, ఎందుకంటే ఆయన శ్రోతలు వాయింపు కోసం మాత్రమే రాలేదు.

1956లో లండన్ డైలీ మిర్రర్‌లో కసాండ్రా అనే కలంపేరుతో రాసే కాలమిస్టు ఇంకో రకంగా తిట్టాడు. ఈ మనిషి స్వలింగ సంపర్కి అని పాఠకుడికి అర్థమయ్యేలా మాటలు పేర్చాడు. బ్రిటన్‌లో అప్పటికి అది నేరం. అప్పుడు బ్యాంకు జోకు వెయ్యలేదు, పరువునష్టం దావా వేశాడు. 1959లో లండన్ కోర్టులో గెలిచాడు, 8,000 పౌండ్లు ఇప్పించారు.

డెస్క్ మీద:
చూశారా. పోస్టర్ ఎక్కే తిట్టుకి జోకు, పోస్టర్ ఎక్కలేని తిట్టుకి లాయరు.

గోదారి గట్టు:
నా వ్యాసానికి నడుం దొరికింది మేడమ్. థాంక్స్. ఒక్క అనుమానం. తిట్టు తిని నోరు మూసుకోకుండా, ప్రచారానికీ వాడుకోకుండా, తిరిగి తిట్టినవాళ్లని ఎక్కడ పెట్టాలి? జర్మన్ స్వరకర్త మాక్స్ రేగర్ 1906లో మ్యూనిక్ విమర్శకుడు రుడాల్ఫ్ లూయీకి రాసిన ఉత్తరం ఉంది కదా. “నా ఇంట్లో అన్నిటికన్నా చిన్న గదిలో కూర్చుని ఉన్నాను. మీ సమీక్ష నా ముందుంది. కాసేపట్లో వెనకుంటుంది.”

పాత తెలుగు మాస్టారు:
హహ్హహ్హ! ఇది ధ్వని బాబూ, శుద్ధమైన ధ్వని. అంటే పైకి చెప్పకుండానే స్ఫురింపజేయడం. వాచ్యార్థంలో ఒక్క అసభ్యపు మాట లేదు చూడండి. గది, ముందు, వెనక. మిగతాదంతా చదివేవాడే పూరించుకోవాలి. ఇందులో ఏ ముక్కనీ తుంచలేం, ఒక్కటి తీసినా చెడుతుంది. మీ అశ్వత్థామ బ్యాచ్‌కి ఇది లొంగదు.

డాలస్ శ్రోత:
అసలు తిట్లనే పోగేసి పుస్తకం వేసినాయన నికొలాస్ స్లోనిమ్‌స్కీ, 1953లో. బీతోవెన్ కాలం నుంచి పెద్ద పెద్ద స్వరకర్తల మీద పడిన తిట్లన్నీ ఉన్నాయి. వెనకాల తిట్లకి అకారాది సూచిక కూడా ఇచ్చాడు. ఏదైనా తిట్టుపదం వెతికితే అది ఎవరెవరి మీద పడిందో చూపిస్తుంది. తెలుగులో మన కచేరీ రివ్యూలకి అలాంటి సూచిక ఎవరైనా చేస్తే నేను కొంటాను.

డెస్క్ మీద:
ఆ పుస్తకంలోనూ ఏరివేత ఉందండీ. తిట్లు తిని నిలబడ్డవాళ్లే అందులో ఎక్కువ. తిట్లు తిని మరుగున పడ్డవాళ్ల గురించి చదవడానికి ఎవరికి సరదా? చైకోవ్‌స్కీ వయొలిన్ కన్‌చెర్టో కంపు కొడుతోందని 1881లో వియన్నా విమర్శకుడు హాన్‌స్లిక్ రాసిన మాట ఇప్పుడు కచేరీ బుక్‌లెట్లలో సరదాగా ఎత్తి రాస్తున్నారు. చైకోవ్‌స్కీ మాత్రం ఆ రివ్యూ కంఠతా వచ్చేంతగా కుమిలిపోయాడు. పాపం, ఆయన చేతిలో పోస్టరూ లేదు, ఆ తిట్టు పోస్టర్ మీద వేసుకునే రోజూ రాలేదు.

గోదారి గట్టు:
శీర్షికలో ‘అనుజ్ఞ’ అని పెడితే పర్మిషన్ అనుకుంటారు మాస్టారూ, ఈ రోజుల్లో ఆ మాటకి అదే అర్థం. లోపల వాడి, మీ వివరణ ఇస్తాను. పైన “తిట్లే టికెట్లు” అని పెడుతున్నా. నిందాస్తుతి కొట్టేశాను, ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పాను.

పాత తెలుగు మాస్టారు:
“తిట్లే టికెట్లు” బాగుంది, ప్రాస కూడా కుదిరింది. అచ్చయ్యాక ఒక కాపీ పంపండి. నచ్చకపోతే ఇక్కడే రాస్తాను, మీరేం తుంచుకుంటారో చూస్తా.

డెస్క్ మీద:
మాస్టారూ, రాసేటప్పుడు ధాతుజ విశేషణాలు మాత్రం వాడకండి.