సాల్వియా ఏపుగా పెరిగింది, మొగ్గ మాత్రం లేదు

గింజలడబ్బా: కుండీల్లో రెండు రకాల సాల్వియా ఉన్నాయండీ. ఒకటి అందరి దగ్గరా ఉండే పొట్టి ఎర్రది, బాగానే పూసింది కానీ ఇప్పుడు ఖాళీ కంకులే మిగిలాయి, ఎరుపు పోలేదు కాబట్టి కత్తిరించడానికి చెయ్యి రావట్లేదు. రెండోది ఊదా రంగులో వెల్వెట్ లాంటి కంకులు వేస్తుందని చెప్పి ఒకరు కొమ్మ ఇచ్చారు. నడుము ఎత్తు దాటేసింది, పొడుగాటి సన్నాకులు, అడుగున తెల్లటి నూగు, మొగ్గ జాడే లేదు. ఎరువు వేస్తూనే ఉన్నా. ఇంకేం చేయాలి?

మట్టిచేతులు: ముందు ఆ ఎరువు ఆపండి. నత్రజని ఎక్కువైతే సాల్వియా ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, కొమ్మలు మెత్తబడి గాలికి పడిపోతాయి కూడా. మీరు చెప్పిన ఆకుల్ని బట్టి రెండోది సాల్వియా ల్యూకాంథా, మెక్సికో మొక్క. పగలు తగ్గి రాత్రులు పెరిగాకే మొగ్గ కడుతుంది, అంతవరకు మీరేం పోసినా లాభం లేదు. రాత్రంతా లైటు పడే చోట ఉంటే జరపండి, పూత ఇంకా ఆలస్యం కావచ్చు. టెన్షన్ పడే విషయమేమీ కాదు.

నీలిపువ్వు: ఎర్రదాని సంగతి నేను చెప్తా. అది సాల్వియా స్ప్లెండెన్స్, బ్రెజిల్ నుంచి వచ్చింది. దాంట్లో రేకులతో పాటు రక్షక పత్రాలూ ఎరుపే. గొట్టంలాంటి అసలు పువ్వు రాలిపోయాక కూడా అవి రంగుతో నిలబడతాయి, అందుకే పూస్తున్నట్టే అనిపిస్తుంది. కంకి కింద ఎదురెదురు ఆకుల జత ఉంటుంది చూడండి, దానికి కాస్త పైన కత్తిరిస్తే ఆ ఆకుల మొదళ్ళలోంచి రెండు కొమ్మలు వస్తాయి. విత్తనాలు కావాలంటే మాత్రం ఒకటో రెండో కంకులు వదిలేయండి. ఒక్కో పువ్వు అడుగున నాలుగు గింజల దాకా కడతాయి, ఎండగానే రాలిపోతాయి కాబట్టి ముందే చూసుకోవాలి. చల్లేటప్పుడు మట్టి కప్పకుండా పైపైన అద్దితే చాలు, వెలుతురు తగిలితే బాగా మొలుస్తాయి. 21 నుంచి 24 డిగ్రీలుంటే సుఖం.

చీకటిమల్లె: నన్నడిగితే ఆ ఎర్రదానికి ఇంత సేవ దండగ! మధ్యాహ్నం ఎండకి రంగు వెలిసిపోతుంది, నీళ్ళు ఒకపూట తప్పితే వాలిపోతుంది. సాల్వియా ఫారినేసియా పెట్టండి, నీలం కంకులు, పిండి చల్లినట్టుండే కాడలు, ఎండని లెక్కచేయదు. తేనెటీగలు కూడా బాగా వస్తాయి. తేనెటీగల కోసమే పూసే సాల్వియాల్లో చాలావాటికి ఒక తమాషా ఏర్పాటుంటుంది: ఈగ లోపలికి తల దూర్చగానే కేసరం మీటలా వంగి దాని వీపు మీద పుప్పొడి రాస్తుంది. సన్నటి పుల్లతో మీరూ నొక్కి చూడొచ్చు.

గింజలడబ్బా: థాంక్సండీ. ఎర్రది ఇవాళే కత్తిరిస్తా, వెలిసినా సరే నాకదే ఇష్టం. మరి ఊదాదాన్ని గుబురుగా రావడానికి ఇప్పుడు తలలు తుంచొచ్చా?

మట్టిచేతులు: పగలు బాగా పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ తుంచొచ్చు. తగ్గడం మొదలైతే ముట్టుకోకండి, మొగ్గలు కొమ్మల చివరే వస్తాయి. పూత అయ్యి కొత్త చిగుర్లు కనబడ్డాక మొదలు దాకా కొట్టేయండి. ఈలోగా కర్ర కట్టండి చాలు.