యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్, అంటే అతి సన్న రంధ్రాల వడపోత) మెంబ్రేన్ పై పొర కొలవడం ఎలా?

ప్రశ్న (నెల్లూరు): మైపాడు వైపు రొయ్యల చెరువుల నీళ్లు వడకట్టి చూద్దామని పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్‌తో మెంబ్రేన్ తయారుచేశాను. ఎస్‌ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) అడ్డకోత చూస్తే పై పొర నలిగి ముద్దలా ఉంది, రంధ్రాలే లేవు. రెండు నెలల పని, చాలా టెన్షన్‌గా ఉంది అన్నా.

జవాబు (ఒంగోలు): బ్లేడుతో కోశావా తమ్ముడూ? అక్కడే పోయింది. వెనకున్న పాలిస్టర్ గుడ్డ ముందు ఊడదీసి, తడి మెంబ్రేన్‌ని ఇథనాల్‌లో, తర్వాత హెక్సేన్‌లో నానబెట్టి ఆరబెట్టు. నేరుగా ఆరబెడితే నీటి తలతన్యతకే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. ఆపైన ద్రవ నైట్రోజన్‌లో ముంచి పుటుక్కున విరువు. పై పొర సాధారణంగా మైక్రాన్ లోపే, పది చోట్ల కొలువు.

జవాబు (కావలి): ఎస్‌ఈఎంలో పెట్టే ముందు వేసే బంగారం పూత మందమైతే కొన్ని నానోమీటర్ల రంధ్రాలు దాని కిందే పోతాయి, పల్చగా వేయమను. ఫొటో ఒక్కటే నమ్మొద్దు, అందులో కనపడే రంధ్రాలన్నీ అవతలికి తెరుచుకుని ఉండవు. రకరకాల అణుభారాల డెక్స్‌ట్రాన్ (చక్కెర అణువుల గొలుసు) పంపి చూడు, 90 శాతం ఆగే అణుభారమే నీ మెంబ్రేన్ అసలు కటాఫ్.

ప్రశ్న అడిగినవారు: బ్లేడుతోనే కోశానన్నా. సోమవారం మళ్లీ చేసి ఫొటోలు పెడతాను.