విల్సన్స్ ప్రొమొంటరీ: పెద్దవాళ్లతో ఒబెరాన్ కొండ ఎక్కవచ్చా?

విజయనగరం అబ్బాయి:
అందరికీ నమస్కారం. మేము మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్‌లో ఉంటున్నాము. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను జనవరి నెలాఖరులో విక్టోరియా దక్షిణ తీరంలోని నేషనల్ పార్కు విల్సన్స్ ప్రొమొంటరీకి తీసుకువెళ్లాలని ఉంది. నాన్నగారికి అరవై ఆరేళ్లు, అయినా రెండేళ్ల క్రితం అలిపిరి మెట్లదారిన తిరుమల కొండ ఎక్కారు. అమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పులు. పిల్లలకు ఎనిమిదేళ్లు, నాలుగేళ్లు. తెల్లవారుజామున బయలుదేరితే ఒబెరాన్ కొండ ఎక్కి, స్క్వీకీ బీచ్‌లో స్నానాలు చేసి రాత్రికి ఇల్లు చేరవచ్చునని ఒక మిత్రుడు చెప్పాడు. వెళ్లివచ్చినవారు తమ అనుభవం చెప్పగలరా?

పాయింట్ కుక్ ప్రయాణికుడు:
చేరవచ్చు, కాని ఆ రోజంతా మీకు కారే గుర్తుండిపోతుంది. మన పశ్చిమ శివార్ల నుంచి నగరం దాటి, లియాన్‌గాథా, ఫిష్ క్రీక్‌ల మీదుగా వెళ్తే సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు ఉంటుంది. యానకీ దగ్గర పార్కులోకి ప్రవేశించాక కూడా టైడల్ రివర్ (పార్కు లోపలి బస కేంద్రం, పక్కన పారే నది పేరు కూడా అదే) చేరడానికి మరో ముప్పై కిలోమీటర్ల మెలికల రోడ్డు మిగిలే ఉంటుంది. ప్రవేశ రుసుము లేదు. చీకటి పడే వేళ వాంబాట్‌లు (చిన్న ఎలుగుబంటిలా ఉండే పొట్టి కాళ్ల జంతువులు), కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి కనుక, రోజంతా నడిచి అలసిపోయినవారు ఆ సమయంలో తిరుగు ప్రయాణం పెట్టుకోకపోవడం మేలు. టైడల్ రివర్‌లో వేసవి బసలు నెలల ముందే నిండిపోతాయి. అక్కడ దొరక్కపోతే యానకీలోనో ఫాస్టర్‌లోనో గది తీసుకుని రెండు రాత్రులైనా ఉండండి.

సింహాచలం మెట్లు:
ఒబెరాన్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మా మామగారితో కలిసి ఎక్కాను. నడక టెలిగ్రాఫ్ శాడిల్ అనే కార్ల స్టాండు నుంచి మొదలవుతుంది. పైకి మూడున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. దారిలో ఎక్కువ భాగం జీపు పట్టేంత వెడల్పైన మట్టిరోడ్డు కావడంతో మెట్ల దారిలో కలిగే ఆయాసం ఇక్కడ కలగదు. కాని ఆ రోడ్డు ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే ఉంటుంది కనుక మాటల్లో పడి వేగంగా నడిచేవాళ్లు సగం దారిలోనే నీరసపడతారు. చివర టవర్ దాటాక మాత్రం రాతి మెట్లు, ఆపైన బోడి గ్రానైట్ బండ వస్తాయి. శిఖరం 558 మీటర్లు. అక్కడి నుంచి నార్మన్ బే, దాని వెనుక టైడల్ రివర్, సముద్రంలో గ్లెన్నీ దీవులు ఒకేసారి కనిపిస్తాయి.

మేము వెళ్లిన రోజు కింద ఎండ మాడ్చేస్తుంటే, పైన గాలికి మామగారి టోపీ ఎగిరిపోయింది, నేను పిల్లవాడి చెయ్యి వదలలేకపోయాను. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి దక్షిణపు కొస ఈ ప్రొమొంటరీలోనే ఉంది కనుక, టాస్మేనియాకు మధ్యనున్న బాస్ జలసంధి మీదుగా వచ్చే గాలికి అడ్డం ఏమీ లేదు. నాన్నగారిని తప్పక తీసుకువెళ్లండి, కాని జనవరి ఇక్కడ వేసవే అయినా సరే సంచిలో స్వెటర్ ఉండాలి. బండ తడిగా ఉంటే చివరి వంద అడుగులు వదిలేసినా నష్టం లేదు.

పాయింట్ కుక్ ప్రయాణికుడు:
ఒక చిన్న మాట. సెలవు రోజుల్లో పొద్దెక్కేసరికి ఆ స్టాండులో చోటు దొరకదు. వేసవి రద్దీలో టైడల్ రివర్ నుంచి ఉచిత బస్సు నడుపుతారు. దాని వేళలు బయలుదేరే ముందే చూసుకోండి.

బెండిగో అత్తయ్య:
మీ అమ్మగారిని అందరూ మరచిపోయినట్టున్నారు. ఆమెను కార్లో కూర్చోబెట్టి మీరంతా కొండెక్కితే అది విహారయాత్ర అనిపించుకోదు. టైడల్ రివర్ ఒడ్డున లూ-ఎర్న్ అనే చెక్కబాట ఉన్నది. చదునుగా ఉంటుంది కనుక చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. అంతకన్నా కొంచెం నడవగలిగితే లిల్లీ పిల్లీ గల్లీ దారిలో ఎత్తు ఎక్కువ ఉండదు, నీడ ఉంటుంది. స్క్వీకీ బీచ్‌లో కార్ల స్టాండు నుంచి ఇసుక దాకా దూరం తక్కువే. ఆ ఇసుక క్వార్ట్‌జ్ రేణువులు గుండ్రంగా అరిగిపోయి ఉండడం వల్ల, మడమ ఈడ్చి నడిస్తే కొత్త తోలు చెప్పుల్లా కిర్రుమంటుంది. మా మనవరాలు గంటసేపు ఆ ఒక్క పనే చేసింది.

స్నానాల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఆ బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉండరు. వేసవిలో నార్మన్ బీచ్‌లో ఎరుపు, పసుపు జెండాలు పాతిన రోజుల్లో, ఆ జెండాల మధ్యనే నీళ్లలో దిగండి. ఒడ్డుకు వచ్చిన నీరు ఒకేచోట నుంచి బలంగా వెనక్కి లాగడాన్ని ఇక్కడ రిప్ అంటారు. చూడడానికి అదే చోట అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా ఉంటుంది. విశాఖ సముద్రం చూసి పెరిగినా ఈ మోసాన్ని కనిపెట్టలేం. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్‌లో, కాపలా లేని బీచ్‌లో భారతీయ మూలాలున్న నలుగురు ప్రాణాలు కోల్పోయారు. చిన్న పిల్లలకు నది చాలు, అక్కడైనా పెద్దవాళ్లెవరైనా చెయ్యి అందేంత దగ్గరలో ఉండాలి.

బ్యాక్‌ప్యాక్ బాబాయి:
పిల్లలు పెద్దయ్యాక సీలర్స్ కోవ్ కూడా చూడండి. టెలిగ్రాఫ్ శాడిల్ నుంచే మరోవైపు పది కిలోమీటర్లు అడవిలో నడిస్తే తూర్పు తీరం వస్తుంది. రాత్రి ఉండాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అక్కడ క్యాంపు చేరే ముందు వాగు దాటాలి. నేను ఆటుపోట్ల పట్టిక చూడకుండా వెళ్లి, పోటు వేళ నడుము లోతు నీళ్లలో సంచి నెత్తిన పెట్టుకుని దాటాను. నా వెనుక వచ్చిన జంట తాపీగా మూడు గంటలు ఒడ్డున కూర్చుని, భోజనం కూడా ముగించుకుని, మోకాలి లోతులో దాటి వచ్చారు.

పులిహోర తీసుకువెళ్లేవారికి ఇంకొక సలహా. పార్కులో కట్టెల మంట ఏడాది పొడవునా నిషిద్ధం, గ్యాస్ పొయ్యి కూడా టోటల్ ఫైర్ బ్యాన్ (కార్చిచ్చు ముప్పు వల్ల ఆరుబయట మంటలను పూర్తిగా నిషేధించే) రోజుల్లో వెలిగించకూడదు. తిండి గుడారంలో ఉంచకండి, కార్లో పెట్టి తాళం వేయండి. మా దద్దోజనం డబ్బా కోసం వాంబాట్ ఒకటి గుడారం గుడ్డ చీల్చి లోపలికి వచ్చింది. మిరపకాయలు మాత్రం వదిలేసింది.

విజయనగరం అబ్బాయి:
అందరికీ కృతజ్ఞతలు. ఫాస్టర్‌లో రెండు రాత్రులు ఉండి నిన్ననే తిరిగి వచ్చాము. మొదటి రోజు మబ్బు కమ్మి ఒబెరాన్ కనిపించనేలేదు కనుక, ఒక్కరోజు ప్రయాణం పెట్టుకుని ఉంటే కొండ చూడకుండానే వచ్చేవాళ్లం. రెండో రోజు నాన్నగారు, నేను, పెద్దవాడు ఎనిమిదింటికే నడక మొదలుపెట్టాము. నాన్నగారు ఎక్కడా ఆగలేదు గాని, చివరి బండ దగ్గర గాలి చూసి తామే కూర్చుండిపోయి, మనవడిని నాతో పైకి పంపించారు. దిగాక మాత్రం ఆ మిగిలిన కొసను గురించి రాత్రంతా మాట్లాడారు.

అమ్మ నది ఒడ్డునే ఉన్నారు. టీ ట్రీ చెట్ల ఆకుల నుంచి దిగే రంగు వల్ల ఆ నీరు గోధుమ వన్నెలో ఉంటుంది. అది మురికేమోనని చిన్నదాన్ని మొదట దిగనివ్వలేదట. తరువాత దోసిట్లోకి తీసుకుని చూసి, "ఇది మన డికాషనే" అని తామే మోకాళ్ల దాకా దిగి నిలబడ్డారు. వారి వీసా మార్చి చివరి వరకు ఉంది. ఆ మిగిలిన కొసను ఎక్కాలని నాన్నగారి పట్టుదల. మార్చిలో గాలి తక్కువగా ఉండే వేళ ఏదో ఎవరికైనా అనుభవంలో ఉంటే దయచేసి చెప్పండి.