సాహిత్యం బరువున్న పాప్ రాక్ ఆల్బమ్‌ని శ్రోతల దాకా ఎలా చేర్చాలి?

సొంతంగా రాసి పాడిన ఆల్బమ్, తొమ్మిది పాటలు, ఒక్కోటీ ఒక కథ. విడుదలై ఆరు వారాలైంది. స్పాటిఫైలో విడుదలకు ముందే ఎడిటోరియల్ పిచ్ (వాళ్ల ప్లేలిస్టుల్లో పాట పెట్టమని ఎడిటర్లకి చేసే వినతి) పంపాను (ఒకసారికి ఒక్క పాటే పంపనిస్తారు), ఏ ప్లేలిస్టులోకీ ఎక్కలేదు. తర్వాత డబ్బు పెట్టి రీల్స్‌కి ప్రకటనలు నడిపితే క్లిక్కులు బాగానే వచ్చాయి గానీ చాలామంది 30 సెకన్లలోపే వెళ్లిపోతున్నారు, అంటే అది స్ట్రీమ్‌గా లెక్కలోకే రాదు. పూర్తిగా విన్న కొద్దిమంది మాత్రం సేవ్ చేసుకుని మళ్లీ వింటున్నారు. పల్లవి 50వ సెకనుకి గానీ రాదు, దాన్ని ముందుకు జరిపితే కథ చెడుతుంది, అది చెయ్యను. డబ్బిస్తే స్ట్రీములు తెప్పిస్తామనేవాళ్ల జోలికీ పోలేదు, ఆ వినేవి బాట్లని (మనుషులు కాని నకిలీ శ్రోతలని) తేలితే పాటే తీసేసే ప్రమాదముంది. ఇలాంటి పాటలు ప్రమోట్ చేసినవాళ్లు చెప్పండి, మిగిలిన కాస్త బడ్జెట్ లిరిక్ వీడియోలకి పెట్టనా, చిన్న లైవ్ షోలకా?